ఐదు వేల తొమ్మిది వందల నలభై

పుష్పలీలకు దూరాలు తెలియవు. కొడుకు హర్షవర్ధన్ ఉండే కేంబ్రిడ్జ్ తమ కోవెంట్రీకి ఎన్ని మైళ్లో అడిగితే చెప్పలేదు. రైల్లో రెండు గంటలకు పైనే పడుతుందని మాత్రం తెలుసు. కానీ హైదరాబాదుకూ లండన్‌కూ మధ్యనున్న ఆకాశంలో ఒక ముక్క ఆమెకు కొలతలతో సహా కంఠతా వచ్చు. లండన్ ఇంకా ఐదు వేల తొమ్మిది వందల నలభై కిలోమీటర్లు ఉందనగా ఆ ముక్క మొదలవుతుంది. మూడు వేల రెండు వందల పది ఉందనగా ఆగిపోతుంది. ఆ ముక్కలో ఎక్కడో ఆమె భర్త శేషగిరి చనిపోయాడు. సరిగ్గా ఎక్కడో ఆమెకు తెలియదు. అప్పుడామె పక్క సీట్లో నిద్రపోతోంది.

కోవెంట్రీకి వాళ్లు వచ్చి ఇరవై ఏడేళ్లు. శేషగిరి కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. ఉక్కు ముక్కలను వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా కొలవడం అతని పని. కొలవడం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయేది కాదు. తోటలో గులాబీ కొమ్మ ఏడాదిలో ఎంత ఎదిగిందో, కిటికీలోంచి పడే ఎండ చలికాలంలో కార్పెట్ మీద ఎన్ని అడుగులు వెనక్కి తగ్గిందో చెప్పేవాడు. విమానం ఎక్కితే సినిమా చూసేవాడు కాదు. ఎదుటి తెర మీద మ్యాప్ పెట్టుకుని, ఆ బుల్లి విమానం సముద్రాల మీద చీమలా పాకుతుంటే పది గంటలూ చూసేవాడు. మధ్యమధ్య మోచేత్తో ఆమెను తట్టి, "లీలా, ఇంకా ఆరు వేలు," "లీలా, నాలుగున్నర వేలు," అని వార్తలు చదివేవాడు. ఆమె సగం నిద్రలో "ఊఁ" అనేది. అతను లెక్కపెడుతున్నాడు కాబట్టే ఆమె నిద్రపోగలిగేది.

వాళ్ల చివరి ప్రయాణం పోయినేడాది మార్చిలో. తెనాలిలో ఆడపడుచు మనవరాలి పెళ్లి చూసుకుని తిరిగి వస్తున్నారు. పొద్దున ఏడుముప్పావు విమానం. పడమటికి పోయే పగటి విమానంలో ఎండ కదలదు. సూర్యుడు వెంటే వస్తాడు, ఆ రోజు ఎంతకీ అయిపోదు. కిందంతా అరేబియా సముద్రం. కాఫీ కప్పులు తీసుకెళ్లిపోయారు.

"లీలా, గుండెల్లో మంటగా ఉందే."

"ఉండదా మరి? రాత్రి మీ అక్కయ్య కొసరి కొసరి వడ్డిస్తుంటే ఒక్కసారైనా చాలన్నారా?" ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి యాంటాసిడ్ బిళ్ల తీసి ఇచ్చింది. "నమిలి కాసేపు కళ్లు మూసుకోండి. అదే తగ్గుద్ది."

"కళ్లు మూసుకుంటే మ్యాప్ ఎవరు చూస్తారు?"

"మీరు చూడకపోతే పైలట్ దారి తప్పుతాడా ఏంటి?"

అతను నవ్వాడు. బిళ్ల నములుతూ తెర వైపు చూసి, "ఐదు వేల తొమ్మిది వందల నలభై," అన్నాడు.

ఆమె "ఊఁ" అంది. పెళ్లింట్లో మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది. తల అటు తిప్పుకుని పడుకుంది.

ఉక్కపోసి మెలకువ వచ్చింది. మెడంతా చెమట. అలవాటు చొప్పున ముందు అతని తెర వైపు చూసింది. మూడు వేల రెండు వందల పది. "అబ్బో, సగం పైనే వచ్చేశామండీ," అంది అతనితో. బదులు రాకపోతే నిద్రపోతున్నాడనుకుని, అతని చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకోబోయింది.

ప్రయాణికుల్లో ఒక డాక్టరు ఉన్నాడు. నడవలో పడుకోబెట్టి అరగంట ప్రయత్నించారు. ఆ తర్వాత డాక్టరు మోకాళ్ల మీద అలాగే కూర్చుని తల అడ్డంగా ఊపాడు. విమానంలో ఖాళీ సీట్లు లేవు. ఆమె ఒప్పుకుంటే అతన్ని మళ్లీ పక్కనే కూర్చోబెడతామన్నారు. బెల్టు పెట్టి గడ్డం దాకా దుప్పటి కప్పారు. మ్యాప్ ఆపాలని ఎవరికీ తోచలేదు. అప్పటి నుంచి లండన్ దాకా ఇంకో మూడున్నర గంటలు ఆమె జీవితంలో మొదటిసారి ఆ అంకెలను తనే లెక్కపెట్టింది. రెండు వేలు. పదిహేను వందలు. ఏడు వందల నలభై. అతనికి చెప్పలేదు. సున్నా అయ్యేదాకా చూసింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది. "నిద్రలోనే వెళ్లిపోయారు. సుఖంగా పోయారు." మంట సంగతి ఎవరికీ చెప్పలేదు. హర్షకు కూడా.

*

పుష్పలీల పద్దెనిమిదేళ్లుగా మందుల షాపులో, ఎక్కువ కాలం కౌంటర్ మీదే, పనిచేస్తోంది. చేరిన మొదటి వారంలోనే ఆమెకు అయిదు ప్రశ్నలు నేర్పారు. ఎవరైనా వచ్చి మందు అడిగితే చెయ్యి అరల వైపు పోకముందే ఆ ప్రశ్నలు రావాలి. మందు ఎవరికి? ఏమిటి బాధ? ఎంతసేపటి నుంచి? ఇప్పటికే ఏమైనా వాడారా? వేరే మందులేమైనా తీసుకుంటున్నారా? గుండెల్లో మంట అన్నవాళ్లకు ఇంకొకటి కలిపి అడగాలి. ఆ మంట భుజంలోకి గానీ, దవడలోకి గానీ పాకుతోందా? తలుపు తీయగానే లోపలికి వచ్చే వాన వాసనలాగా ఆ ప్రశ్నలు ఆమె నోట్లోంచి వాటంతటవే వచ్చేవి. ముక్కూ మొహం తెలియని వేలమందిని అడిగింది. సముద్రం మీద ఆ పొద్దున, పక్కనున్న మనిషిని ఒక్కటీ అడగలేదు.

సెలవు అయిపోయి మళ్లీ కౌంటర్ ఎక్కాక, మంట అన్న ప్రతి మనిషినీ ఆస్పత్రికి పంపడం మొదలుపెట్టింది. కారం కారంగా టేకవే తిని వచ్చిన కుర్రాళ్లనూ, నెలలు నిండిన గర్భిణినీ కూడా. మేనేజరు మంచిది. వెనక గదిలోకి పిలిచి టీ ఇచ్చి, "లీలా, మై లవ్, రెండు వారాల్లో పద్నాలుగు మంది," అంది. ఆ తర్వాతి నెల డ్యూటీల రోటాలో పుష్పలీల పేరుకు ఎదురుగా కౌంటర్ పోయి, బ్యాగింగ్ వచ్చింది. ఇప్పుడామె వెనక గదిలో కూర్చుని ప్రిస్క్రిప్షన్ మందులు కాగితపు సంచుల్లో పెట్టి చీటీలు అంటిస్తుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

*

ఫిబ్రవరిలో ఒక ఆదివారం జయకృష్ణ వచ్చాడు. వారంలో అయిదు రోజులు అతను సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, శని ఆదివారాలు పురోహితుడు. సత్యనారాయణ వ్రతాలకూ గృహప్రవేశాలకూ మిడ్‌ల్యాండ్స్ అంతా కారులో తిరుగుతుంటాడు. హర్ష కూడా కేంబ్రిడ్జ్ నుంచి వచ్చి ఉన్నాడు.

"ఆబ్దికం తప్పకుండా పెడదాం ఆంటీ. అంకుల్ తిథి చెప్పండి, పంచాంగం చూసి రోజు చెప్తాను."

ఆమె దగ్గర తారీఖు ఉంది. తిథి లేదు. అప్పుడు కర్మలు చేయించింది వేరే పంతులుగారు. హఠాత్తుగా పోయినవాళ్ల కారణం తేల్చే కరోనర్ ఆఫీసు నుంచి శరీరం చేతికి రావడానికే పన్నెండు రోజులు పట్టింది. అన్నీ దహనమైన రోజు నుంచే లెక్కపెట్టారు. తిథి ఎవరూ అడగలేదు.

జయకృష్ణ ఫోనులో పంచాంగం తెరిచాడు. వేలితో వెనక్కి, వెనక్కి జరుపుకుంటూ పోయి ఆగాడు. "ఫాల్గుణ బహుళ సప్తమి. ఉదయం పదకొండు యాభై రెండు దాకా, ఇండియా టైమ్. ఆ తర్వాత అష్టమి వచ్చేసింది. అంకుల్‌ది ఏ టైమ్ ఆంటీ?"

"ఆకాశంలో పోయారు కదా బాబూ. ఏ దేశం టైమ్ చూడాలి?"

"దేశంతో పని లేదు ఆంటీ. తిథి లోకమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది. ఆ క్షణానికి ముందా, తర్వాతా, అంతే."

"సో వుయ్ నీడ్ ద టైమ్," అన్నాడు హర్ష. అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచాడు. లెక్క దొరికితే ప్రాణం లేచివచ్చే గుణం వాడికి తండ్రి నుంచే వచ్చింది. "అమ్మా, వాట్ డూ యూ రిమెంబర్? ఎనీథింగ్."

ఆమె ఆ రెండు అంకెలూ చెప్పింది.

వాడు తలెత్తి ఆమె వైపు వింతగా చూశాడు. విమానాల రాకపోకలను నిమిషనిమిషానికీ దాచి ఉంచే వెబ్‌సైట్ ఒకటుందట. అందులో ఆ రోజు విమానాన్ని పట్టుకున్నాడు. తెర మీద నీలి గీత ఒకటి సాగింది. ఇరవై నిమిషాల్లో లెక్క తేల్చి టేబుల్ మీద కాగితం పెట్టాడు. ఐదు వేల తొమ్మిది వందల నలభై దగ్గర ఇండియా టైమ్ పదింపావు. ఒమాన్ తీరం రాకముందు. మూడు వేల రెండు వందల పది దగ్గర ఒంటిగంటా ముప్పై అయిదు. టర్కీ కొండల మీద. సప్తమి వెళ్లి అష్టమి వచ్చిన పదకొండు యాభై రెండుకు విమానం కువైట్ దగ్గరుంది.

"బిఫోర్ కువైట్, సప్తమి. ఆఫ్టర్ కువైట్, అష్టమి," అన్నాడు హర్ష. గెలిచినవాడి గొంతు. మరుక్షణమే ఆ గొంతు తగ్గిపోయింది. కువైట్ ఆ ముక్క మధ్యలోనే ఉంది.

"ఎయిర్‌లైన్‌కి రాస్తాను," అన్నాడు.

"రాయి తమ్ముడూ," అన్నాడు జయకృష్ణ. "ఈసారి సప్తమి బుధవారం, అష్టమి గురువారం. రెండు రోజులూ నాకు ఆఫీసులో రివ్యూలే. అయినా పర్లేదు ఆంటీ, ఏదైతే దానికి లీవ్ పెడతాను. శనివారానికి జరుపుదామని మాత్రం అడగకండి. అందరూ అదే అడుగుతారు."

*

ఉత్తరం కోసం ఎదురుచూసిన మూడు వారాలూ పుష్పలీల మందుల సంచుల మీద చీటీలు అంటిస్తూ ఆ ఆకాశంలోనే తిరిగింది. ఆమెకు సప్తమి కావాలి. సప్తమి అయితే ఆమె కన్ను మూతపడగానే, నొప్పి ముదరకముందే అతను వెళ్లిపోయినట్టు. అష్టమి అయితే వేరు. అష్టమి అయితే మంట భుజంలోకీ, భుజంలోంచి దవడలోకీ పాకుతుంటే, అతను గంటన్నర, రెండు గంటలు, ఇంకా ఎక్కువో, తెర వైపు చూస్తూ కూర్చున్నట్టు. కింద మస్కట్ వెళ్లిపోయింది. దుబాయ్ వెళ్లిపోయింది. దోహా వెళ్లిపోయింది. ప్రతిదానికీ రన్‌వే ఉంది, ఆస్పత్రి ఉంది. ఆమె నిద్రపోతుంటే ఆ ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి జరిగిపోయినట్టు.

పంతులు అడిగింది ఒక తిథి. ఆమెకు వినపడింది మాత్రం, నీ మొగుడు నీ పక్కన ఎంతసేపు బాధపడ్డాడు, అని. అయిదింటిలో మూడో ప్రశ్న అదే. ఎంతసేపటి నుంచి?

ఉత్తరం వచ్చింది. మర్యాదగా, మెత్తగా రాశారు. సిబ్బందికి కబురందింది ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి. అంతకుముందు ఆ ప్రయాణికుడి గురించి ఎక్కడా నమోదు లేదు. ఆ సీటు నుంచి పిలుపు గంట ఒక్కసారి కూడా నొక్కలేదు. మీ నష్టానికి మా ప్రగాఢ సానుభూతి. కరోనర్ కాగితం హర్ష ముందే తీసి చూశాడు. మరణం గుండెపోటు వల్ల, కచ్చితమైన సమయం నిర్ధారించలేము, అని ఒక్క వాక్యం.

ఆ ఆదివారం జయకృష్ణ మళ్లీ వచ్చాడు. ఉత్తరం చదివి మడిచి పెట్టాడు.

"పోనీ మీ మనసుకు ఏది తోస్తే అది అనుకుందాం ఆంటీ. పక్క పక్క తిథులే కదా. సప్తమి అనుకుంటే సప్తమి."

సప్తమి అనేస్తే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. కానీ ఆ వేళకే ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఏడాదిగా కళ్ల ముందే ఉండి కనపడనిది. తనకు మెలకువ వచ్చింది ఉక్కపోసి. ఉక్కపోసింది ఒంటి మీద రెండు దుప్పట్లు ఉన్నందుకు. నిద్రపోయేటప్పుడు ఆమె ఒక్కటి కూడా కప్పుకోలేదు.

"ఆయన దుప్పటి కూడా నాకే కప్పారు," అంది.

"ఎప్పుడు?" అన్నాడు హర్ష.

"నేను పడుకున్నాక."

"హౌ లాంగ్ ఆఫ్టర్?"

"అదే తెలియట్లేదు నాన్నా." అని ఆగి, ఎవరి వైపూ చూడకుండా అంది. "నిద్రలో పోలేదురా. గుండెల్లో మంటగా ఉందన్నారు. బిళ్ల ఇచ్చి నమలమన్నాను. మీ నాన్నను తిట్టి మరీ పడుకున్నాను."

హర్ష టీ కప్పులు మూడూ తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. నీళ్లు తిప్పాడు. మూడు కప్పులకు పట్టాల్సిన దానికంటే చాలాసేపు నీళ్లు పారాయి.

జయకృష్ణ భుజం మీది తువ్వాలు అంచు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. పుస్తకాల్లోనూ ఫోనులోనూ లేని మాట ఒకటి ఉంటే బాగుండునని వెతుకుతున్నట్టున్నాడు. చివరికి పుస్తకంలో ఉన్నదే చెప్పాడు.

"మాసం తెలిసి తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్యకు పెట్టమన్నారు ఆంటీ. అదొక మార్గం ఉంది. దేశాంతరం పోయి ఆచూకీ లేనివాళ్లూ, అడవుల్లో, యుద్ధాల్లో పోయినవాళ్లూ, ఆ టైమ్‌లో పక్కన ఎవరూ లేని…" అని ఆగిపోయాడు.

"నేను పక్కనే ఉన్నాను బాబూ," అంది పుష్పలీల. "మోచెయ్యి తగులుతూనే ఉంది."

అతను తల వంచుకున్నాడు.

ఆమె ఆలోచించింది. సప్తమి అంటే తనను తాను క్షమించేసుకున్నట్టు. అష్టమి అంటే అతన్ని అన్ని గంటలు ఆ నొప్పిలో కూర్చోబెట్టినట్టు. రెండింటిలో ఒకటి నిజం. అమావాస్య మాత్రం నిజం కాదు. అతను కచ్చితంగా చనిపోని రోజు అది.

"అమావాస్యకే పెట్టండి," అంది.

హర్ష సాయంత్రం దాకా ఉండి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర కావలించుకుని, "ఎనీబడీ వుడ్ హావ్ డన్ ద సేమ్, అమ్మా," అన్నాడు. మాట మంచిదే. అన్నది మాత్రం ఆమె భుజం మీదుగా గోడతో. ఆ తర్వాత రోజూ చేసే ఫోను రెండు రోజులకోసారి అయింది. పని ఎక్కువగా ఉందన్నాడు. ఉండే ఉంటుంది.

*

కొత్త అమావాస్య గురువారం వచ్చింది. జయకృష్ణ లీవ్ పెట్టాడు. హర్ష ముందు రోజే వచ్చి పొద్దున తలస్నానం చేసి, తండ్రి పంచె కట్టుకున్నాడు. కట్టుకోవడం రాక బెల్టు బిగించాడు. ముందుగదిలో సోఫా గోడవారకు జరిపారు. నువ్వులు, దర్భలు, అరిటాకు లెస్టర్‌లోని ఇండియన్ షాపుల నుంచి వచ్చాయి.

సంకల్పం చెప్పేటప్పుడు ఉన్న చోటు చెప్పుకోవాలి, దగ్గరున్న నది పేరు చెప్పుకోవాలి. కోవెంట్రీకి నది ఉందని ఊళ్లో చాలామందికి తెలియదు. షెర్‌బోర్న్ అని సన్నటి ఏరు. ఊరి నడుమకు వచ్చేసరికి దాని మీద రోడ్లూ షాపులూ కట్టేశారు. చీకట్లో, జనం కాళ్ల కింద పారుతుంది. జయకృష్ణ ఆ పేరును సంస్కృతంలోకి వంచి పలికాడు. గోత్రం అడిగాడు, పేరు అడిగాడు. తిథి అడగలేదు. ఆ చోటికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గించి, తొందరగా దాటించేశాడు. హర్షకు తేడా తెలియలేదు. ఆమెకు తెలిసింది. కువైట్ కూడా అలాగే దాటిపోయి ఉంటుంది.

మధ్యాహ్నం పిండాలు తీసుకుని స్పాన్ ఎండ్ దాకా వెళ్లారు. ఏరు ఊరి కిందికి దూరేముందు బయటికి కనపడేది అక్కడే. పాత రాతి గోడలు, మధ్య మోకాలి లోతు నీళ్లు, ఎవరో పారేసిన సైకిల్ చక్రం. హర్ష వంగి పిండాలు వదిలాడు. అవి చక్రాన్ని తప్పించుకుని మెల్లగా కదిలాయి.

"ఈ నీళ్లు ఎక్కడికి పోతాయిరా?"

"సీలోకే, ఎవెంచువల్లీ. ఉండు, హౌ ఫార్ చూసి చెప్తా." అలవాటుగా ఫోను తీశాడు. తెర మీదికి వంగిన ఆ మెడ, పెదవి కొరుక్కోవడం, అంతా తండ్రే.

"వద్దు. చెప్పొద్దు," అంది పుష్పలీల.

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పిండాలు నల్లటి కమాను కిందికి వెళ్లాక ఇద్దరూ తిరిగి వచ్చి కారెక్కారు. మర్నాడు ఉగాది. ఆమె ఫోను హ్యాండ్‌బ్యాగులో శుభాకాంక్షలతో టింగు టింగుమంటూనే ఉంది. మర్నాడే ఆమెకు మార్నింగ్ షిఫ్టు కూడా. బ్యాగింగ్.

"ఆర్ యూ కోల్డ్?" అన్నాడు హర్ష. సమాధానం కోసం చూడకుండా తన కోటు తీసి ఆమె ఒళ్లో వేశాడు. అది వెచ్చగా, బరువుగా ఉంది.

ఇల్లు పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆమె రెప్ప వేయకుండా, స్టీరింగ్ మీద కదులుతున్న వాడి చేతుల వైపే చూస్తూ కూర్చుంది.